గడపను తాకని చక్రాలు

కాణిపాకంలో క్యూలో నిలబడి ఉండగా ఫోను వచ్చింది. ఆ రోజు సంకటహర చవితి. ప్రతి నెలా చవితికి చిత్తూరులో మొదటి బస్సు పట్టుకుని పోయి, స్వామిని చూసుకుని, ఎండ ముదరక ముందే ఇల్లు చేరడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. ఫోనులో ఎదురింటి అమ్మాయి. "అక్కా, క్రాఫ్ట్ సారు పోయినాడక్కా. పెద్దమ్మ నిన్నే అడగతా ఉండాది," అని చెప్పి ఫోను పెట్టేసింది. నా ముందర ఓ ఇరవై మంది ఉన్నారు. లోపల హారతి గంట వినిపిస్తోంది. నా వెనక నిలబడిన ఆమె చేతిలో నా కొబ్బరికాయ పెట్టి, నా తరఫున కూడా కొట్టమ్మా అని చెప్పి వరసలోంచి బయటికి వచ్చేశాను. దర్శనం కాకుండా తిరిగి రావడం నాకు అదే మొదలు. స్వామికి తెలుసులే అనుకున్నాను.

సారు నిద్రలోనే పోయారు. ఆయన భార్య పెద్దమ్మ మంచం మీద, ఆ మంచం పక్కనే సారు కింద చాప మీద పడుకునేవారు. తెల్లవారి ఆమె చెయ్యి కిందికి దించి తట్టిందట. పలకలేదట. ఇంకోసారి తట్టిందట. ఆమె లేచి నడవలేదు, మూడేళ్ళుగా అంతే. అందుకని నన్ను పేరు పెట్టి పిలిచిందట. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే. ఏ రోజైనా ఒక్క కేకకు పోయేదాన్ని. ఆ రోజు నేను బస్సులో ఉన్నాను. మా ఆయన బస్సు డ్రైవరు, ఆయన కూడా డ్యూటీకి పోయి ఉన్నారు. అరగంట తర్వాత పాలామె విని వీధిలో వాళ్ళను లేపింది. ఆ అరగంట గురించి పెద్దమ్మ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. నేనే రోజూ పూజ దగ్గర కూర్చున్నప్పుడు ఆ అరగంటను తలుచుకుంటున్నాను.

మా ఊరి హైస్కూల్లో చదివినవాళ్ళకు ఆయన ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు కుట్లు నేర్పేవాళ్ళు. వడ్రంగం నేర్పే మాస్టారు కాబట్టి క్రాఫ్ట్ సారు. బడి వెనక రేకుల షెడ్డులో ఆయన క్లాసు. ఎనిమిదో తరగతిలో నేను కుట్ల క్లాసు ఎగ్గొట్టి ఆ షెడ్డు తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఆయన చిత్రిక పడుతుంటే కొయ్య మీద నుంచి పలచటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచేది. లోపలికి రమ్మని ఆయన అనలేదు, పొమ్మనీ అనలేదు. ఒకరోజు ఒక పొట్టు చుట్ట తీసి నా చేతిలో పెట్టి, "వాసన చూడు పాపా, టేకు," అన్నారు. దాన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. రెండు రోజులకు పొడి అయింది.

పదో తరగతితో నా చదువు ఆగింది. పెళ్ళి, పిల్లలు. ఇరవై ఏళ్ళ కిందట మేం ఈ వీధిలో ఇల్లు కొనుక్కుని దిగాక చూస్తే పక్కిల్లు సారుది. ఆయన అప్పటికే రిటైరయి ఉన్నారు. నన్ను చూసి, "కుట్ల క్లాసు ఎగ్గొట్టే పాప కదా," అన్నారు. అప్పటి నుంచి మొన్నటి దాకా నేను ఆయనకు పాపనే. ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన భార్యను పెద్దమ్మ అనేదాన్ని. వరస కలవదు. ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్ళది చిన్న ఇల్లు. ముందు వరండా, సింహద్వారం దాటగానే ముందు గది, దాని వెనక కిటికీ లేని చిన్న గది, వంటిల్లు. ముందు గదినంతా సారు పనిగదిగా చేసుకున్నారు. కిటికీ కింద పని బల్ల. గోడల నిండా మేకులు, మేకులకు రంపాలు, ఉలులు, చిత్రికలు. ఇంటికొచ్చిన చుట్టాలు వంటింట్లో కూర్చోవాల్సిందే. పెద్దమ్మ దాని గురించి వేళాకోళం చేసేది. పెళ్ళప్పుడు వాళ్ళ నాయనకు అబ్బాయి బడిపంతులని చెప్పినారే గానీ ఇంటి నిండా ఇనుము తెస్తాడని చెప్పలేదని.

సారు తక్కువ మాట్లాడేవారు. పని మొదలుపెట్టే ముందు ఆ రోజు వాడబోయే పనిముట్టును కళ్ళకద్దుకునేవారు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని దాని కోసమే గది అంతా వెతికేవారు. ఎవరైనా ఏదన్నా తొందరగా కావాలంటే, "తొందరుంటే రేపు చేస్తాం, ఈ పొద్దు వద్దు," అనేవారు. వీధిలో ఎవరింట్లో పీట కాలు ఊడినా, కిటికీ రెక్క బిగిసిపోయినా ఆయనే చూసేవారు. బాగాలేదు అనే మాట ఆయన నోట రాదు. ఎవరి పని చూసినా "ఇంకొంచెం చూడు," అంటారు. బడి పిల్లలకూ అదే మాట, చివరికి నాకూ అదే మాట.

మూడేళ్ళ కిందట పెద్దమ్మ పెరట్లో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషను అయింది గానీ నడక మళ్ళీ రాలేదు. ఇంటికి తీసుకొచ్చాక ఆమె మంచం ఎక్కడ వేయాలనేది ప్రశ్న. వెనక గదిలోకి గాలీ వెలుతురూ రావు, పైగా దిగడానికి మెట్టు ఉంది. మంచానికి తగిన చోటు ముందు గది ఒక్కటే. అంటే సారు పనిగది.

వాళ్ళబ్బాయి తిరుపతిలో ఉద్యోగం చేస్తాడు, ఆదివారాలు వచ్చి పోతాడు. మంచివాడు, అమ్మంటే ప్రాణం. సామాన్లు ఎవరైనా వడ్రంగికి ఇచ్చేద్దాం నాయనా, నీకూ డెబ్బై ఏడొచ్చె, ఇంక చాలు అన్నాడు. పోనీ మిద్దె మీద రేకుల షెడ్డు వేయిస్తానన్నాడు. సారు మోకాళ్ళు మిద్దె ఎక్కలేవు. ఎక్కినా, కింద ఆమె పిలిస్తే వినబడదు. వరండాలో పెట్టుకుందామంటే బల్లనైతే పట్ట కప్పి ఉంచొచ్చు గానీ, ఇనుప సామాను తేమకు తుప్పు పడుతుంది.

ఆ వారం నేను ఇద్దరి మాటలూ విడివిడిగా విన్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నా మంచం వచ్చి ఆయన చేతులు కట్టేసిందనే మాట నాకొద్దు పాపా. నన్ను ఆ వెనక గదిలోనే వేయండి," అంది. సారు గోడకున్న రంపాలు తుడుస్తూ, "పని లేకుంటే ఆమె పక్కనే కూచుంటా, అదీ నిజమే. కానీ ఊరికే కూచున్న నన్ను చూసి ఆమె ఎన్నాళ్ళు బతకతాది?" అన్నారు. ఒక్క గది. అందులో ఆమె మంచమూ, ఆయన పనీ రెండూ పట్టాలి. పట్టకపోతే ఇద్దరిలో ఒకరు వెలుతురు వదులుకోవాలి.

రెండు రోజుల తర్వాత పిలిచారు. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి ఉన్నాయి. ఇది మంచం, ఇది ఆమె చెయ్యి చాచితే నీళ్ళు అందే చోటు, ఇది నేను నడిచే దారి అని చూపించారు. అవన్నీ పోగా గోడ పక్కన ఇరవై రెండు అంగుళాల పట్టీ మిగిలింది. "ఈ పట్టీలో చక్రాల బీరువాలు నాలుగు పాపా. సామానంతా వాటిలో. పొద్దున్నే వరండాలోకి తోసుకోని పోతా, పొద్దు గూకితే లోపలికి తోసుకోనొస్తా. బల్ల బయటే ఉంటాది. నువ్వు పట్టుకుంటే నేను కోస్తా," అన్నారు. కుట్ల క్లాసు దాటని నన్ను ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ షెడ్డు లోపలికి పిలిచినట్టు అనిపించింది.

దాదాపు రెండు నెలలు పట్టింది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీట్లు, అంచులకు టేకు పట్టీలు. వంట అయ్యాక పోయి, మా ఆయన వచ్చే వేళకు వచ్చేసేదాన్ని. మొదట పట్టుకోవడమే నా పని. తర్వాత గీత గీయడం, తర్వాత చిత్రిక పట్టడం. ఒక బీరువాలో చిత్రికలూ ఉలులూ. ప్రతి సొరుగులో ఆ పనిముట్టు ఆకారం గీసి, దానికి తగ్గట్టు గాడి తీశారు. ఎందుకు సార్ ఇంత కష్టం, వరసగా పేర్చుకోవచ్చు కదా అన్నాను. "చేతికి తెలిసిన చోట ఉంటేనే అది పనిముట్టు. లేకుంటే వట్టి ఇనుమే," అన్నారు. రెండో బీరువా తలుపుల లోపలి వైపు రంపాలు వేలాడాయి. మూడోదానికి చిన్న చిన్న సొరుగులు, మేకులకూ స్క్రూలకూ. నాలుగోది పొట్టిది, మోకాలెత్తు. లోపల జిగురు, అతికించిన చెక్కల్ని కదలకుండా పట్టి ఉంచే బిగింపులు. పైన గట్టి టేకు మూత, ఆయన కూర్చుని పని చేసుకోవడానికి. దాన్ని కూచునే పెట్టె అనేవాళ్ళం.

సొరుగుల పిడులు పెద్దమ్మ పని. మంచం మీద పాత చీర పరుచుకుని, గరుకు కాగితంతో ఒక్కో పిడిని నున్నగా రుద్దేది. సారు వేలితో తడిమి, ఇంకొంచెం చూడు అనేవారు. "చూసింది చాలు, నీ కండ్లే పోయినాయి," అని ఆమె తిరిగి విసిరేసేది.

చక్రాలు మొదట అన్నీ తిరిగేవే వేశాం. బీరువా మాట వినని మేకలా ఎటు తోస్తే అటు కాకుండా ఇంకెటో పోయింది. అప్పుడు వెనక రెండూ తిరగనివి, ముందు రెండూ తిరిగేవి, వాటికి కాలితో నొక్కే బ్రేకులు. చక్రం ఎత్తు తీసేసి మిగతా ఎత్తు కొలిచారు, బీరువాలు బల్లకు రెండు వైపులా నిలబెడితే పొడుగు చెక్క ఒక్క మట్టానికి పడుకోవాలని. తలుపు వెడల్పు ఒకటికి మూడుసార్లు కొలిచారు. బీరువా తోసేటప్పుడు తన మోచేతులు ఎంత బయటికి వస్తాయో అదీ నాతో కొలిపించారు.

సామాను నింపాక మొదటి బీరువాను బయటికి తోసే రోజు మంచి రోజు చూసుకున్నాం. నేను నాలుగు బీరువాలకూ పసుపు కుంకుమ పెట్టాను. సారు తోశారు. చక్రాలు గచ్చు మీద హాయిగా దొర్లాయి. తలుపు దగ్గరికి రాగానే ధడేలుమని ఆగిపోయింది. లోపల ఉలులన్నీ గలగలమన్నాయి.

గడప.

మూడున్నర అంగుళాల ఎత్తు టేకు గడప. ఇల్లు కట్టేటప్పుడు సారు సొంత చేతులతో చేసి, కింద నవధాన్యాలు వేసి, పూజ చేసి నిలబెట్టింది. నాలుగు దశాబ్దాలుగా పెద్దమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఆమె మంచాన పడ్డాక ఆ పని నాది. మా ముగ్గురిలో ఒక్కరికీ కొలిచేటప్పుడు గడప గుర్తుకు రాలేదు. దాన్ని తొక్కకూడదని చిన్నప్పటి నుంచి మన కాళ్ళు వాటంతట అవే లేస్తాయి కదా. కాలు లేచినప్పుడు అది అడ్డమని ఎవరికి తడుతుంది?

సారు బీరువా పక్క నుంచి కిందికి తొంగి చూసి, "గడపను మర్చిపోయినా పాపా," అన్నారు. వెనక మంచం మీద నుంచి పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "ఇన్నేండ్లుగా దాటతా ఉండావే, ఒక్క దినమన్నా కిందికి చూసినావంటయ్యా?" నవ్వీ నవ్వీ ఆమె కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

ఆదివారం వాళ్ళబ్బాయి వచ్చాడు. మిషను తెస్తే పది నిమిషాల పని, మధ్యలో కోసేద్దాం అన్నాడు. పెద్దమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. సారు వద్దన్నారు. అతను తండ్రి కష్టం చూడలేక, రెండు చెక్కలు తెచ్చి అటూ ఇటూ వాలుగా గడప మీద ఆనించి బీరువా దాటించాడు. దాటింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ చెక్కలు తీసినప్పుడు వాటి అడుగున పసుపూ కుంకుమా అంటుకుని ఉన్నాయి. గడప మీద నేను పెట్టిన బొట్టు చెరిగిపోయి ఉంది. బరువంతా గడప మీదే పడింది కదా. చక్రంతో తొక్కించినట్టే.

పెద్దమ్మ ఆ పూట అన్నం వద్దంది. మరుసటి రోజూ రెండు ముద్దలు తిని చాలంది. ఎందుకో సారుకు అర్థమైంది. నాకూ అర్థమైంది. నాకైతే ఆ చెరిగిన బొట్టు చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆమె సుమంగళి. నేను ఇంతకంటే రాయను.

దాటించిన బీరువాను ఖాళీ చేసి, ఎత్తి మళ్ళీ లోపల పెట్టాం. తర్వాత మూడు రోజులు బీరువాలు గదిలోనే ఉన్నాయి. వాటికీ మంచానికీ మధ్య నేను పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. సారు పనిముట్టు ముట్టలేదు. ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఊరికే కూర్చున్న ఆయన్ని ఆమె చూడలేక కళ్ళు మూసుకునేది. గురువారం సాయంత్రం నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పారు. "ఆ బజారు వడ్రంగిని రమ్మను పాపా. బీరువాలతో సహా తీసుకోనీ. మంచి చేతులకు పోతే చాలు." సరే సార్ అన్నాను. ఇంటికి వచ్చి దేవుడి ముందర కూర్చున్నాను గానీ ఏం అడగాలో కూడా తెలియలేదు.

మరుసటి రోజు శుక్రవారం. గడప కడిగి పసుపు రాయడానికి పోయాను. నేల తడిగా ఉంది. పసుపు గిన్నె, కుంకుమ భరిణె, పూలు ఉన్న పళ్ళాన్ని తడిలో పెట్టలేక, వంటింట్లో పొయ్యి ముందర వేసుకునే ఎత్తు పీట తెచ్చి, లోపలి నుంచీ బయటి నుంచీ అందేలా గడప మధ్యలో పెట్టాను. రెండు కాళ్ళు లోపల, రెండు కాళ్ళు బయట. దాని మీద పళ్ళెం. వంగి పసుపు రాస్తున్నాను.

"పాపా, కదలొద్దు," అన్నారు సారు.

నేను ఏం తప్పు చేశానో అని అలాగే ఉండిపోయాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి, మోకాళ్ళ నొప్పి కూడా మరిచి నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి, పీట కిందుగా చూశారు. పీటకూ గడపకూ మధ్య వేలు పెట్టి జరిపారు. వేలు ఎక్కడా ఆగలేదు. "ఇది గడప మీద లేదు. గడపకు పైన ఉండాది," అన్నారు. అప్పటికప్పుడు చెవి మీది పెన్సిలు కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఆ బజారు వడ్రంగిని నేను పిలవనే లేదు. పది రోజుల్లో సారు ఒక చిన్న వారధి చేశారు. లోపల ఒక కాలు, బయట ఒక కాలు, గడపకు అంగుళం పైన మధ్య పలక. రెండు వైపులా పొడుగాటి వాలు రెక్కలు, మడిచి గోడకు ఆనించుకునేలా బందులు. చక్రం జారి పడకుండా అంచులకు పట్టీలు. వాలు ఎంత ఉండాలో తేల్చడానికి నాతో బరువున్న బీరువాను పదిసార్లు తోయించారు. లెక్క ఎలా కుదిరింది సార్ అంటే, "నీ మొహం చూసి పెట్టినా," అన్నారు.

పరీక్ష పెట్టింది పెద్దమ్మే. గడపకు కొత్తగా కుంకుమ పెట్టించింది. నిండు బీరువాను దాటించమంది. దాటించాం. వారధి తీసి అడుగు భాగం నాకు చూపించు అంది. నేను ఎత్తి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకుపోయాను. చెక్క తెల్లగా ఉంది, ఒక్క ఎర్రటి చుక్క లేదు. ఆమె అరచెయ్యి పెట్టి మొత్తం తడిమి, ఆ చెయ్యి చూసుకుంది. "ఇంకొంచెం చూడు," అన్నారు సారు. "చూసినాను పోవయ్యా. ఆకలేస్తా ఉండాది," అంది.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఆ ఇంట్లో నేను చూసిన రోజులు నా ఇంట్లో కూడా చూడలేదు. పొద్దున తొమ్మిదింటికి వారధి పడేది. పెద్దమ్మ మంచం మీద నుంచి కండక్టరులా ఎడమకు, ఎడమకు, ఆపు ఆపు అని చెప్పేది. బల్లను తలుపుకు ఎదురుగా వేసుకున్నారు. ఆయన ఏం చేస్తున్నదీ ఆమెకు కనబడేది. చిత్రిక చప్పుడుకు ఆమె మధ్యాహ్నం నిద్రపోయేది, చప్పుడు ఆగితే లేచేది. అందుకని ఆమె పడుకున్నాక ఆయన అవసరం లేని చెక్కకు కూడా చిత్రిక పట్టేవారు. ఒకసారి నేనే చూసి నవ్వితే, వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో నాకు భాగవతం చదువుకోవడానికి వ్యాసపీఠం చేసి ఇచ్చారు. రెండోది నన్నే చేయమన్నారు. నేను చేసినదాన్ని తడిమి, ఎప్పటి మాటే చెప్తారేమో అని చూస్తుంటే, ఏమీ అనకుండా దాన్ని తీసుకుపోయి పెద్దమ్మ తలాపున పెట్టారు. అంతకంటే పెద్ద మార్కులు నాకు బడిలో కూడా రాలేదు.

పోయిన ఆరు నెలల నుంచి చేతులు వణికేవి. ఉలి పట్టడం మానేశారు. అయినా పొద్దున్నే బీరువాలు బయటికి రావాల్సిందే. సొరుగులు తీసి, ఒక్కొక్కటీ తుడిచి, కొంచెం నూనె రాసి, దాని గాడిలో దాన్ని పెట్టేవారు. సాయంత్రం తోయడానికి నేను పోయేదాన్ని. నువ్వు తోస్తే నేను దారి చూపిస్తా అనేవారు. చివరి రోజు సాయంత్రం కూడా అలాగే తోసి, రేపు చవితి సార్, కాణిపాకం పోయి వస్తాను అని చెప్పి వచ్చాను. పోయి రా పాపా, నా పేరు చెప్పి ఒక దండం పెట్టు అన్నారు. నేను ఆ దండం పెట్టలేదు.

నేను చేరేసరికి సారును వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. బల్ల పక్కకు జరిపేశారు. వీధి నిండా మనుషులు. తల నెరిసిన మగవాళ్ళు, సారు దగ్గర రంపం పట్టడం నేర్చుకున్నవాళ్ళు, చెప్పులు విడిచి వరసగా నిలబడ్డారు. నేను లోపలికి పోయాను. పెద్దమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, "వచ్చినావా," అంది. అంతే. ఆమె కాళ్ళ మీద తల పెట్టి నేను ఏడ్చాను.

మంచం మీద నుంచి ఆమెకు సారు పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. దగ్గరికి ఎలా తీసుకుపోవాలని ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తుదాం అన్నారు ఎవరో.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్ను ఎవురూ మోయొద్దండి. ఈ పొద్దు ఈ ఇంట్లో నలుగురు మోసేది ఆయన్నొక్కడినే." నా వైపు తిరిగి, "పాపా, ఆ కూచునే పెట్టె తీసుకురా," అంది.

వాళ్ళబ్బాయి భయపడ్డాడు. అమ్మా, జారిపోతావమ్మా అన్నాడు. "మీ నాయన చేసింది జారదు," అంది ఆమె.

అతను పోయి తనే గోడకున్న వారధి తెచ్చి పరిచాడు. పెట్టె మూత మీద దుప్పటి మడిచి వేసి, ఆమెను మంచం మీద నుంచి మెల్లగా దాని మీదికి జరిపాం. కొడుకు ఆమె వీపు పట్టుకున్నాడు. నేను తోశాను. ఆపరేషను తర్వాత ఆమె ఆ ఇంటి బయటికి రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎడమకు, కుడికి అని చెప్పే మనిషి ఆ రోజు ఏమీ చెప్పలేదు. వరండాలో ఉన్నవాళ్ళందరూ దారి ఇచ్చి గోడకు ఆనుకున్నారు. సారు పక్కన ఆపి, రెండు బ్రేకులూ నొక్కాను.

ఆమె చాలాసేపు ఆయన ముఖం చూసింది. తర్వాత, "చెవి పక్కన పొట్టు ఉండాది, తీయండి," అంది. అంతమంది చూశాం గానీ అది ఎవరికీ కనబడలేదు. నెరిసిన వెంట్రుకల్లో సన్నటి టేకు పొట్టు, ముందు రోజు తుడుస్తున్నప్పుడు పడి ఉంటుంది. నేను తీసి ఆమె చేతిలో పెట్టాను. పిడికిలి మూసుకుంది.

ఆయన్ని తాకాలని ఆమె వంగింది. అందలేదు. బల్ల దగ్గర కూర్చోవడానికి చేసిన ఎత్తు అది. కింద పడుకున్న మనిషికి అందడానికి కాదు. దింపమంటావా అమ్మా అని కొడుకు అడిగితే వద్దంది. భుజం మీది పైట కొంగు తీసి కిందికి వదిలింది. అది పోయి ఆయన చేతి మీద పడింది. రెండో కొస ఆమె చేతిలో ఉంది. ఆయన్ని లేపేవరకు ఆమె అలాగే కూర్చుంది. గాలికి కొంగు పక్కకు జరిగినప్పుడల్లా, మెల్లగా పైకి లాక్కుని, మళ్ళీ ఆయన చేతి మీదికి వదిలేది.